భవనానికి ఎంత పార్కింగ్ ఉండాలి? నగరాలు పాత నిబంధనను ఎందుకు వదులుకుంటున్నాయి

క్లుప్తంగా

కొత్త భవనం కట్టేవారు ఇన్ని కార్లకు చోటు చూపించి తీరాలన్న నిబంధనను 2004 నుంచి లండన్, మెక్సికో సిటీ, అమెరికాలోని బఫలో, ఆస్టిన్ వంటి నగరాలు ఒక్కొక్కటిగా ఎత్తేశాయి. న్యూజిలాండ్ అయితే దేశంలోని నగరాలన్నిటి చేతా తీసేయించింది. ఇది పార్కింగ్ మీద నిషేధం కాదు. ఎంత చోటు కట్టాలో ప్రభుత్వ పట్టిక చెప్పడం మానేసింది, అంతే. దీని ప్రభావం ఇళ్ల ధరల మీద, భవనాల ఆకారం మీద, వీధుల మీద పడుతుంది. కాకపోతే రోడ్డు పక్క చోటును నగరం సరిగ్గా చూసుకోని చోట ఈ మార్పు సగంలోనే ఆగిపోతుంది.

సందేహం ఎక్కడ మొదలవుతుంది

పార్కింగ్ దొరక్క జనం ఇప్పటికే అవస్థ పడుతుంటే, భవనాల్లో పార్కింగ్ తప్పనిసరి అన్న నిబంధనను తీసేయడం ఏమిటి? ఈ వార్తలు చదివినవారికి మొదట వచ్చే ప్రశ్న ఇదే. అందులో తప్పేమీ లేదు. నగర ప్రణాళిక అధికారులు కూడా దశాబ్దాలపాటు ఇలాగే ఆలోచించారు. కార్లు పెరుగుతున్నాయి కాబట్టి వాటికి చోటూ పెరగాలి, ఆ చోటు కట్టేవాళ్లే చూపించాలి. వినడానికి తేలికైన లెక్క. చిక్కల్లా ఏమిటంటే ఆ లెక్కలో చోటుకు ధర అనేదే లేదు.

నిబంధన పుట్టుక

అమెరికాలోని కొలంబస్ నగరం 1923లో అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ చోటు తప్పనిసరి చేసింది. ఈ తరహా నిబంధనల్లో మొట్టమొదటివాటిలో ఒకటిగా దాన్ని చెబుతారు. 1939లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దాన్ని హోటళ్లకు, ఆసుపత్రులకు వర్తింపజేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కార్ల అమ్మకాలు ఊపందుకోవడంతో 1950, 60 దశకాల్లో అమెరికా నగరాలన్నీ ఇంచుమించు ఇదే బాట పట్టాయి. ఇతర ఖండాల్లోని నగరాలూ ఆ నమూనానే తీసుకున్నాయి.

అప్పటి సమస్య నిజమైనదే. వీధి పక్క ఉచితంగా బండి ఆపుకునే చోటు నిండిపోయింది. నగరాల ముందు రెండు దారులున్నాయి. ఆ చోటుకు రుసుము పెట్టడం ఒకటి, భవన యజమానుల మీద భారం మోపడం రెండోది. రుసుము వసూలు చేసే సాధనం లేక కాదు, పార్కింగ్ మీటరు 1935లోనే ఓక్లహోమా సిటీ వీధుల్లోకి వచ్చేసింది. అయితే మీటరులో వేసే ప్రతి నాణెం ఓటరుకు కనిపిస్తుంది. భవన నిబంధనలో కలిసిపోయిన ఖర్చు అద్దెలోనో, సరుకు ధరలోనో మునిగి ఉంటుంది. రాజకీయంగా ఏది సులువో చెప్పనక్కర్లేదు.

పట్టికల్లో అంకెలు ఎలా వచ్చాయి

ఫ్లాట్‌కు ఒకటి, వెయ్యి చదరపు అడుగుల ఆఫీసుకు నాలుగు, రెస్టారెంటుకు పది. ఇలాంటి అంకెలు చూస్తే వెనక పెద్ద పరిశోధన ఉందనిపిస్తుంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2025లో కన్నుమూసిన ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఈ అంకెల మూలాలను తవ్వి చూశారు. చాలా నగరాలు పొరుగు నగరం పట్టికను యథాతథంగా దింపుకున్నాయి. మిగిలినవి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీర్స్ అనే వృత్తి సంస్థ ప్రచురించిన సగటులను ఆధారం చేసుకున్నాయి.

ఆ సగటుల్లో ఒక ఉదాహరణ చూస్తే విషయం తెలుస్తుంది. 1987 నాటి సంచికలో డ్రైవ్ త్రూ ఉన్న ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్‌కు వెయ్యి చదరపు అడుగులకు 9.95 కార్లు అని ఉంది. రెండు దశాంశ స్థానాల దాకా కచ్చితంగా ఉన్న ఆ అంకె కింద ఉన్న గణాంకం మాత్రం వేరే కథ చెబుతుంది. రెస్టారెంట్ విస్తీర్ణానికీ అక్కడ ఆగే కార్ల సంఖ్యకూ ఉన్న సంబంధాన్ని కొలిచే ఆర్ స్క్వేర్ విలువ 0.038. అంటే కార్ల సంఖ్యలో కనిపించే తేడాల్లో నాలుగు శాతం కూడా విస్తీర్ణం వల్ల వచ్చినవి కావు. విస్తీర్ణాన్ని బట్టి కార్లను లెక్కగట్టడానికి అసలు ఆధారమే లేదన్నమాట. కొన్ని నగరాల్లో ఈతకొలను పార్కింగ్‌ను అందులో పట్టే నీటి గ్యాలన్లను బట్టి నిర్ణయించారు. ఎవరో ఒకరు ఏదో ఒక అంకె వేయాలి కదా.

ఇంకో లోపం ఇంతకన్నా లోతైనది. ఈ సర్వేలు ఎక్కువగా జరిగింది బస్సులు, రైళ్లు అంతగా లేని శివార్లలో, పార్కింగ్ ఉచితంగా ఉన్న చోట, అదీ రద్దీ ఎక్కువగా ఉండే వేళ. ఉచితంగా ఇచ్చినప్పుడు కనిపించే గరిష్ఠ గిరాకీని కొలిచి, దాన్నే కనీస అవసరంగా చట్టంలో రాశారు. అంత చోటు కట్టాక పార్కింగ్ మళ్లీ ఉచితమే అవుతుంది. ఉచితం కాబట్టి కార్లు పెరుగుతాయి. తర్వాతి సర్వేలో అంకె ఇంకా పెద్దదవుతుంది.

ఒక్క కారు, భవనం మొత్తం

కారు ఆగడానికి దాదాపు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు. కారు గాల్లోంచి వచ్చి అక్కడ వాలదు కాబట్టి వెళ్లే దారి, మలుపు, ర్యాంపు, స్తంభాల మధ్య వృథా అయ్యే చోటు అన్నీ కలపాలి. అప్పుడు ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు తేలుతుంది. ఫ్లాట్‌కు రెండు కార్లు అని నిబంధన ఉంటే, ప్రతి ఫ్లాట్‌తోపాటు ఒక చిన్న ఫ్లాట్ అంత చోటు కార్లకు కట్టినట్టు. పైన చెప్పిన ఫాస్ట్‌ఫుడ్ లెక్కలో అయితే తినే చోటు కన్నా బండ్లు ఆపే చోటు దాదాపు మూడింతలు.

ఈ కొలతలు సెల్లార్‌లో ఆగిపోవు, భవనం పైదాకా పాకుతాయి. రెండు స్తంభాల మధ్య మూడు కార్లు పట్టాలంటే వాటి మధ్య దూరం ఏడున్నర, ఎనిమిది మీటర్లు ఉండాలి. పైన గదులకు ఆ దూరం నప్పకపోయినా స్తంభాలు అక్కడే లేస్తాయి. కాదంటే బరువును పక్కకు మళ్లించే భారీ దూలాలు వేయాలి. ఖర్చుతోపాటు సిమెంటు, ఉక్కు కూడా పెరుగుతాయి. భవనాల వల్ల వెలువడే కార్బన్ లెక్కలో ఈ రెండిటి వాటా పెద్దదే.

సెల్లార్‌కు దిగే ర్యాంపు మరో చిక్కు. మూడు మీటర్ల లోతుకు దిగాలంటే, వాలు ఎనిమిదికి ఒకటి చొప్పున లెక్కేసినా 24 మీటర్ల పొడవు కావాలి. చిన్న స్థలంలో ర్యాంపుకే చోటంతా సరిపోతుంది. అందుకే కనీస పార్కింగ్ నిబంధన కఠినంగా ఉన్న చోట చిన్న స్థలాల్లో అపార్ట్‌మెంట్ కట్టడం గిట్టుబాటు కాదు. నాలుగైదు స్థలాలు కలిపి కొనగలిగిన పెద్ద సంస్థలే రంగంలో మిగులుతాయి. ఇళ్ల నిర్మాణం కొద్దిమంది చేతుల్లోకి ఎందుకు పోతోందన్న చర్చలో ఈ కారణం చాలా అరుదుగా వినిపిస్తుంది.

ఇంకొకటి: లోతుకు వెళ్లేకొద్దీ ఖర్చు ఒకే తీరున పెరగదు. రెండో సెల్లార్ మొదటిదాని కన్నా ఖరీదు, మూడోది ఇంకా ఎక్కువ. తవ్వకం, చుట్టూ నిలబెట్టే గోడలు, ఊరే నీటిని తోడే పంపులు, గాలి ఆడటానికి ఫ్యాన్లు అన్నీ తోడవుతాయి. దాంతో ఒక విచిత్రమైన గీత ఏర్పడుతుంది. ఇరవై ఫ్లాట్లకు ఒక సెల్లార్ సరిపోతుందనుకుందాం. ఇరవై ఒకటో ఫ్లాట్ కడితే మరో అంతస్తు తవ్వాలి. కట్టేవాళ్లు ఇరవై దగ్గరే ఆగిపోతారు. నిబంధన ఫ్లాట్‌కు ఇన్ని అని ఉంటే చిన్న ఫ్లాట్లు ఎక్కువ కట్టే బదులు పెద్ద ఫ్లాట్లు తక్కువ కట్టడం లాభసాటి అవుతుంది. ఒంటరిగా ఉండేవారికి, కొత్తగా కాపురం పెట్టినవారికి సరిపోయే ఇల్లు ఇలా ప్లాన్ కాగితం మీదే మాయమవుతుంది.

సెల్లార్ ఖర్చు తప్పించుకోవడానికి నేల అంతస్తును స్తంభాల మీద ఖాళీగా వదిలి కార్లు పెట్టడం చాలా దేశాల్లో కనిపించేదే. దానికీ మూల్యం ఉంది. పై అంతస్తుల్లో గోడలు ఉండి కింద లేకపోతే, భూకంపంలో ఊగేటప్పుడు కింది స్తంభాల మీదే ఒత్తిడంతా పడుతుంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజెలిస్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో 16 మంది చనిపోయారు. కూలిన భాగం కింద పార్కింగ్ ఉంది. 2015లో ఆ నగరం ఇలాంటి పాత భవనాలను బలోపేతం చేయడం యజమానులకు తప్పనిసరి చేసింది. 1950, 60 దశకాల్లో పార్కింగ్ నిబంధన తీర్చడానికి కట్టిన భవనాలు ఆ జాబితాలో బోలెడు ఉన్నాయి. సరిగ్గా డిజైన్ చేస్తే ఈ ముప్పును తగ్గించవచ్చు. కాని డిజైన్‌కు ఆ అవసరం ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా గమనించాల్సిందే.

వీధి వైపు నుంచి చూస్తే నష్టం ఇంకో రకం. దుకాణాలు, కిటికీలు, గుమ్మాలు ఉండాల్సిన చోట గేట్లు, ర్యాంపులు, జాలీ గోడలు ఉంటాయి. నడిచేవారికి ప్రతి కొన్ని అడుగులకూ కాలిబాట తెగిపోతుంది.

ఖర్చు ఎవరి జేబులోంచి

కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరం 1961లో ఫ్లాట్‌కు ఒక కారు చోటు తప్పనిసరి చేసింది. నిబంధనకు ముందు, తర్వాత వచ్చిన ప్రాజెక్టులను పోల్చి చూస్తే ఒక్కో ఇంటి నిర్మాణ ఖర్చు 18 శాతం పెరిగింది, ఎకరానికి కట్టే ఇళ్లు 30 శాతం తగ్గాయి, భూమి విలువ మూడో వంతు పడిపోయింది. అరవై ఏళ్లు దాటినా ఈ ఉదాహరణను పరిశోధకులు ఇప్పటికీ ఎత్తుతుంటారు. ఇంత స్పష్టంగా ముందు, తర్వాత అని విడదీసి చూపగల సందర్భాలు మరి అరుదు.

అద్దెలో పార్కింగ్ కలిసి ఉంటే కారు లేని కుటుంబం కూడా దానికి చెల్లిస్తుంది. అమెరికా నగరాల్లో అద్దెదారులకు గ్యారేజీ చోటు ఏడాదికి సుమారు 1,700 డాలర్ల భారం అవుతోందని, అది అద్దెలో 17 శాతమని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కారు లేనివారిలో తక్కువ ఆదాయం ఉన్నవారు, వృద్ధులు ఎక్కువ. బండి ఉన్నవారికి లేనివారు రాయితీ ఇస్తున్నట్టే లెక్క.

పార్కింగ్ ఉందని కారు కొంటారా, కారు ఉందని పార్కింగ్ ఉన్న ఇల్లు వెతుక్కుంటారా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. శాన్ ఫ్రాన్సిస్కోలో తక్కువ ధర ఇళ్లను లాటరీ ద్వారా కేటాయిస్తారు. డిమాండ్ అంత ఎక్కువ కాబట్టి దరఖాస్తుదారులు దాదాపు ప్రతి లాటరీలోనూ పేరు ఇస్తారు, ఏ భవనం వస్తే అందులో చేరతారు. 2021లో ప్రచురితమైన పరిశోధన ఆ కుటుంబాలను పరిశీలించింది. ఫ్లాట్‌కు కనీసం ఒక పార్కింగ్ చోటు ఉన్న భవనాలు దక్కినవారిలో కార్ల యాజమాన్యం, అసలు పార్కింగ్ లేని భవనాలు దక్కినవారితో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువ. అదే సమయంలో ఉద్యోగాలు దొరకడంలో తేడా కనిపించలేదు. చీటీలో ఏ భవనం వచ్చిందన్న దాన్ని బట్టే జీవన విధానం మారింది. చోటు కట్టడమే కార్లను పెంచుతుందన్న వాదనకు ఇంతకన్నా గట్టి ఆధారం దొరకడం కష్టం.

బాధ్యత భవనానిదా, కారుదా

టోక్యో ఈ సమస్యను తిరగేసి చూసింది. 1962 నాటి జపాన్ చట్టం ప్రకారం కారు కొనేవారు దాన్ని ఉంచడానికి చోటు ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. సొంతదైనా సరే, అద్దెదైనా సరే. రాత్రి వేళ రోడ్డు మీద ఎనిమిది గంటలకు మించి బండి వదిలేయడం నేరం. పెద్ద భవనాలకు అక్కడా కొంత పార్కింగ్ నిబంధన ఉంది, కాని చిన్న భవనాలకు మినహాయింపు. అందుకే ఇరుకు సందుల్లో సన్నటి స్థలాల మీద మూడు నాలుగు అంతస్తుల ఇళ్లు ఇప్పటికీ లేస్తున్నాయి.

ఫలితంగా ఒక మార్కెట్ పుట్టింది. నాలుగు కార్లు పట్టే ముక్క స్థలాన్ని కూడా యజమానులు నెలవారీ అద్దెకో, గంటల లెక్కనో ఇస్తారు. ఆ స్థలానికి ఇంకా మంచి ఉపయోగం వచ్చిన రోజు ఇల్లు కడతారు. కారు ఉంచుకునే ఖర్చు కారున్నవారికి సూటిగా కనబడుతుంది. టోక్యోలో కార్లు తక్కువగా ఉండటానికి రైళ్లే కారణమని చెప్పడం మామూలు. అది నిజమే, కాని సగం నిజం. ఉచితంగా రోడ్డు మీద పెట్టుకోగలిగితే ఇంత రైలు వ్యవస్థ ఉన్నా చాలామంది కారు కొనేవారే.

జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో వౌబాన్ అనే పేట ఇదే సూత్రాన్ని చిన్న స్థాయిలో అమలు చేసింది. అక్కడ నివాసుల కార్లు పేట అంచున ఉన్న బహుళ అంతస్తుల గ్యారేజీల్లో ఉంటాయి. కారున్న కుటుంబం అక్కడ చోటు కొనుక్కోవాలి, లేనివారు కారు లేదని రాసివ్వాలి. ఇంటి ధర, కారు చోటు ధర వేర్వేరు.

తీసేసిన చోట జరిగిందేమిటి

లండన్ 2004లో కనీస పరిమితులను తీసేసి వాటి స్థానంలో గరిష్ఠ పరిమితులు పెట్టింది. అంతకు ముందు కొత్త ఇళ్లలో సగటున ఫ్లాట్‌కు 1.1 చోట్లు ఉండేవి, తర్వాత 0.63కి తగ్గాయి. ఈ తగ్గుదలలో ఇంచుమించు అంతా కనీస పరిమితి తీసేయడం వల్ల వచ్చిందే తప్ప గరిష్ఠ పరిమితి పెట్టడం వల్ల కాదని ఒక అధ్యయనం తేల్చింది. దీని అర్థం చిన్నది కాదు. నిబంధన లేకపోతే కొనేవాళ్లు, కట్టేవాళ్లు తమంతట తామే అంత తక్కువ చోటుతో సరిపెట్టుకునేవారు. ఇన్నాళ్లూ కట్టిన దాంట్లో సగానికి దగ్గరగా చట్టం కోసం కట్టిందే.

మెక్సికో సిటీలో 2009 నుంచి 2013 మధ్య వచ్చిన 251 పెద్ద ప్రాజెక్టులను పరిశీలిస్తే కట్టిన విస్తీర్ణంలో 42 శాతం పార్కింగే ఉంది. 2017లో నగరం పాత కనీస పరిమితులను రద్దు చేసి గరిష్ఠ పరిమితులు పెట్టింది.

అదే ఏడాది అమెరికాలో బఫలో నగరం మొత్తానికి కనీస పార్కింగ్ తీసేసింది. తర్వాత వచ్చిన పెద్ద ప్రాజెక్టుల్లో 47 శాతం పాత నిబంధన కన్నా తక్కువ చోటు కట్టాయి. మిగిలినవి పాత అంకెకు సమానంగానో అంతకన్నా ఎక్కువగానో కట్టాయి. నివాసాలు, దుకాణాలు కలిసిన భవనాల్లో తగ్గుదల బాగా కనిపించింది. ఒకే అవసరానికి కట్టినవాటిలో అంతగా లేదు. నిబంధన పోతే పార్కింగ్ మొత్తం మాయమైపోతుందన్న భయం ఎంత అతిశయోక్తో, రాత్రికి రాత్రి నగరం మారిపోతుందన్న ఆశ కూడా అంతే అతిశయోక్తి అని బఫలో చూపిస్తోంది.

పాత భవనాల విషయంలో మాత్రం మార్పు త్వరగా కనిపిస్తుంది. గోదామునో, ఖాళీ ఆఫీసునో ఇళ్లుగా మార్చాలంటే కొత్త వినియోగానికి తగ్గ పార్కింగ్ చూపాలి. పాత భవనంలో ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? అవి ఖాళీగా పాడుబడటానికో, కూల్చివేతకో ఇదొక పెద్ద కారణం. లాస్ ఏంజెలిస్ 1999లో డౌన్‌టౌన్‌లోని పాత భవనాలకు ఈ షరతును సడలించింది. ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఆఫీసు భవనాలు వేల ఇళ్లుగా మారాయి. కట్టినవారు పార్కింగ్ పూర్తిగా మానేయలేదు, పక్క వీధిలో ఉన్న చోటును అద్దెకు తీసుకున్నారు. నిబంధన మాత్రం అదే భవనంలో ఉండాలనేది.

అసలు పరీక్ష రోడ్డు మీదే

కనీస పరిమితి తీసేస్తే కార్లు పక్క వీధుల్లోకి చేరతాయన్న భయం నిరాధారం కాదు. వీధి చోటు ఉచితంగా ఉన్నంతకాలం, డబ్బు పెట్టి సెల్లార్‌లో చోటు కొనే బదులు బయట పెట్టుకోవడమే లాభం. ఇరుగుపొరుగు అభ్యంతరాల్లో చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి. ఆ కోపాన్ని తప్పించడానికే నగరాలు మళ్లీ కనీస పరిమితులను పట్టుకుని వేలాడతాయి.

లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్‌వుడ్ విలేజ్‌లో కేవలం 15 బ్లాకుల్లో (కూడలికీ కూడలికీ మధ్య ఉండే వీధి భాగాల్లో) చోటు కోసం వెతుకుతూ తిరిగే కార్లు ఏడాదికి దాదాపు 15 లక్షల కిలోమీటర్లు అదనంగా తిరుగుతున్నాయని షూప్ లెక్కించారు. రోడ్డు పక్క చోటు చవక, గ్యారేజీ ఖరీదు కావడమే కారణం. ఆయన సూచన ఇది: ప్రతి బ్లాకులో ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా, అంటే 85 శాతం నిండేలా ధర పెట్టాలి. వచ్చిన డబ్బును అదే వీధికి ఖర్చు చేయాలి. కాలిఫోర్నియాలోని పాసడీనా పాత బజారులో 1993లో మీటర్లు పెట్టినప్పుడు వ్యాపారులు మొదట వ్యతిరేకించారు. ఆదాయం తమ వీధి కాలిబాటలకు, దీపాలకు వస్తుందని తేలాక ఒప్పుకున్నారు.

శాన్ ఫ్రాన్సిస్కో 2011 నుంచి 2013 వరకు దీన్ని సుమారు 7,000 పార్కింగ్ మీటర్ల మీద ప్రయోగించింది. నిండిపోయే బ్లాకుల్లో ధర పెంచుతూ, ఖాళీగా ఉన్నచోట తగ్గిస్తూ వచ్చింది. చివరికి సగటు మీటరు ధర పెరగలేదు, కొద్దిగా తగ్గింది. 2018లో ఈ పద్ధతిని నగరమంతటికీ విస్తరించారు.

ధర పెట్టడం ఎంత ముఖ్యమో, ఆ అధికారం నగరం చేతిలో ఉండటం అంత ముఖ్యం. షికాగో 2008లో సుమారు 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు 115 కోట్ల డాలర్లకు ప్రైవేటు లీజుకు ఇచ్చేసింది. నగరానికి కనీసం 97 కోట్ల డాలర్లు తక్కువ వచ్చాయని మరుసటి ఏడాదే నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. బస్సు లేనుకో, సైకిల్ దారికో మీటరు చోటు తీసేయాలంటే ఇప్పుడు నగరం పరిహారం చెల్లించాలి. తన రోడ్డును తాను మార్చుకోవడానికి తానే డబ్బు కట్టాలి.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఎంచుకున్న పద్ధతి ఇంకోలా ఉండేది. నగర కేంద్రంలో మొత్తం పార్కింగ్ 1990 నాటి స్థాయి దాటకూడదని 1996లో రాజకీయ పక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. కొత్తగా భూగర్భ గ్యారేజీ కడితే అందులో ఎన్ని చోట్లు వస్తే పైన వీధిలో అన్నే తీసేయాల్సి వచ్చేది. ఆ చోట్లు కాలిబాటలయ్యాయి, జనం కూడే ప్రాంగణాలయ్యాయి. పారిస్ 2024 అక్టోబర్ నుంచి బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు నగర కేంద్రంలో గంటకు 18 యూరోలు వసూలు చేస్తోంది, మామూలు రేటుకు మూడింతలు.

కొట్టిపారేయలేని అభ్యంతరాలు

వికలాంగుల అవసరం మొదటిది. చాలాచోట్ల వారి చోట్లను మొత్తం పార్కింగ్‌లో ఇంత వాటా అని లెక్కిస్తారు. మొత్తమే సున్నా అయితే వాటా కూడా సున్నా. న్యూజిలాండ్ 2020 విధానంలో కనీస పార్కింగ్ తీసేయమన్నప్పుడు వికలాంగుల చోట్లకు విడిగా మినహాయింపు ఇచ్చింది. ఈ జాగ్రత్త లేని సంస్కరణ అసంపూర్ణమే.

రెండోది బస్సులు, రైళ్లు లేని శివార్లు. అక్కడ కారు సౌకర్యం కాదు, అవసరం. నిబంధన తీసేసినా అక్కడ కట్టేవాళ్లు పార్కింగ్ కడుతూనే ఉంటారు, ఎందుకంటే కొనేవాళ్లు అడుగుతారు, అప్పిచ్చే బ్యాంకులు అడుగుతాయి. ఆ లెక్కన తీసేయడం వల్ల వాళ్లకు నష్టం లేదు. కాని రాజకీయంగా ఆ ప్రాంతాలే గట్టిగా ఎదురుతిరుగుతాయి. న్యూయార్క్‌లో 2024లో జరిగింది అదే. నగరమంతటా కొత్త ఇళ్లకు పార్కింగ్ షరతు ఎత్తేయాలన్నది మొదటి ప్రతిపాదన. డిసెంబరులో నగర మండలి ఆమోదించేటప్పటికి అది మూడు మండలాలైంది. రైళ్లు దండిగా ఉన్న చోట పూర్తిగా రద్దు, మధ్యలో తగ్గింపు, శివార్లలో పాత నిబంధన చాలావరకు అలాగే.

మూడోది బిల్డర్లకు మిగిలే ఖర్చు కొనేవారిదాకా వస్తుందా అన్న ప్రశ్న. మొదట్లో రాకపోవచ్చు. ఇంటి ధర గిరాకీని బట్టి ఉంటుంది, మిగిలిన డబ్బులో కొంత భూమి యజమానికి చేరుతుంది. ఓక్లండ్‌లో నిబంధన వచ్చాక భూమి విలువ పడిపోయినట్టే, నిబంధన పోతే అది లేస్తుంది. ఇళ్ల సంఖ్య పెరిగినప్పుడే ధరల మీద ఒత్తిడి తగ్గుతుంది. దానికి ఎత్తు పరిమితులు, అనుమతుల జాప్యం వంటివీ సడలాలి. పార్కింగ్ ఒక్కటే తీసేసి ఇళ్లు చవకవుతాయని చెప్పేవారు ఎక్కువ చెబుతున్నట్టే.

ఇప్పటికే కట్టేసిన చోటు

నిబంధన మారినా నిన్నటిదాకా కట్టిన సెల్లార్లు, గ్యారేజీలు అలాగే ఉంటాయి. వాలు నేలతో కట్టిన బహుళ అంతస్తుల గ్యారేజీని ఇళ్లుగానో ఆఫీసులుగానో మార్చడం దాదాపు అసాధ్యం. పైకప్పు కూడా మరీ కిందికి ఉంటుంది. అందుకే కొందరు ఆర్కిటెక్టులు కొత్త గ్యారేజీలను చదునైన నేలతో, ర్యాంపును ఒక పక్కకు విడిగా పెట్టి, అంతస్తు ఎత్తు కాస్త ఎక్కువ ఇచ్చి డిజైన్ చేస్తున్నారు. మొదట్లో ఖర్చు ఎక్కువే, కాని కార్లు తగ్గిన రోజు కూల్చాల్సిన పని ఉండదు.

ఆరుబయట చదునుగా పరిచిన పార్కింగ్‌కు దారి కొంత సులువు. 2023 మార్చిలో వచ్చిన ఫ్రాన్స్ చట్టం 1,500 చదరపు మీటర్లు దాటిన బహిరంగ పార్కింగ్ స్థలాల్లో కనీసం సగం మీద సౌర ఫలకాల నీడ వేయాలని చెబుతోంది, పెద్దవాటికి గడువు ముందు, చిన్నవాటికి తర్వాత. విద్యుత్తుతోపాటు తారు నేల వేడీ తగ్గుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పైన ఖరీదైన ఫలకాలు బిగించాక ఆ స్థలం ఇంకో ఇరవై ఏళ్లు పార్కింగ్‌గానే ఉండిపోయే అవకాశం ఎక్కువ. రైలు స్టేషన్ పక్కన ఇళ్లు రావాల్సిన చోటైతే ఫలకాల కన్నా ముందు ఆ స్థలం ఎందుకు అంత ఖాళీగా ఉందో చూడటమే మంచి ప్రణాళిక.